పాత గ్యాస్ కాఫీ రోస్టర్‌ను ఇంట్లో బాగుచేసుకోవడం: వెలిగించే ముందు చేయవలసినవి

చెన్నైలోనో బెంగళూరులోనో మూతపడిన కాఫీపొడి దుకాణం నుంచి కిలో, మూడు కిలోలు లేదా ఐదు కిలోలు పట్టే గ్యాస్ రోస్టర్ తక్కువ ధరకు దొరికిందని, దాన్ని నెల్లూరుకో కావలికో ఒంగోలుకో తెచ్చుకున్నామని, ఇక ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. వారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ రంగు వేయాలన్నది, ఆ తరువాత అడిగేది మొదటి వాయి ఎప్పుడు వేయవచ్చన్నది. రంగు అన్నిటికంటే చివరి పని. నిప్పు లేకుండా పరీక్షించగలిగినవన్నీ పరీక్షించిన తరువాతే నిప్పు వెలిగించాలి. గ్యాస్, కరెంటు, గాలి అనే మూడింటి సంగతీ యంత్రం చల్లగా ఉన్నప్పుడే తేలిపోవాలి. కింది పద్ధతి ఐదు కిలోల దాకా పట్టే డ్రమ్ము రోస్టర్లకు, అందులోనూ తక్కువ ఒత్తిడి ఎల్పీజీతో నడిచే బర్నరు ఉన్నవాటికి మాత్రమే వర్తిస్తుంది.

ముందే ఒక హద్దు గీసుకోవాలి. శుభ్రం చేయడం, బేరింగులు మార్చడం, గాలి గొట్టాలు సరిచేయడం, పరీక్షలు జరపడం ఓపిక ఉన్న ఎవరైనా చేయగలిగిన పనులే. గ్యాస్ వాల్వు లోపలి భాగాలు విప్పడం, గ్యాస్ పైపు కొత్తగా వేయడం, మోటారు వైండింగ్ చేయడం మాత్రం ఆ పని తెలిసినవారివి. వాల్వు పాడైతే బాగుచేయించకండి, కొత్తది వేయించండి.

కావలసినవి

- స్పానర్లు, మల్టీమీటరు, ఫీలర్ గేజి (సన్నని సందులు కొలిచే రేకుల కట్ట), తీగ బ్రష్షు, గీకుడు పలక
- ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న సురక్షా రకం గ్యాస్ గొట్టం, బిగింపు క్లిప్పులు, తక్కువ ఒత్తిడి రెగ్యులేటరు
- సుమారు ఒకటిన్నర మీటరు పారదర్శక ప్లాస్టిక్ గొట్టం (గ్యాస్ ఒత్తిడి కొలవడానికి)
- సర్ఫు నీళ్లు, చిన్న బ్రష్షు
- అధిక వేడిని తట్టుకునే గ్రీజు, వీలైతే ఆహార యంత్రాలకు వాడే రకం
- పొడి రకం అగ్నిమాపక సిలిండరు, కార్బన్ మోనాక్సైడ్ అలారం
- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే తనంతట ఆపేసే స్విచ్చు) ఉన్న, సరైన ఎర్తు ఉన్న కరెంటు పాయింటు
- పారేయడానికి సిద్ధపడిన రెండు మూడు కిలోల నాసిరకం పచ్చి కాఫీగింజలు

1. పేరుపలక చదవండి

యంత్రం వెనుకో కిందో ఉండే పేరుపలక మీద గ్యాస్ రకం, ఒత్తిడి, వోల్టేజి, ఫ్రీక్వెన్సీ రాసి ఉంటాయి. పైపు గ్యాస్ కోసం తయారైన బర్నరుకు ఎల్పీజీ కలపకూడదు. ఘనపరిమాణం చొప్పున చూస్తే ఎల్పీజీలో పైపు గ్యాస్ కంటే దాదాపు రెండున్నర రెట్లు వేడి ఉంటుంది కనుక గ్యాస్ చిమ్మే సన్నని కంత ఉన్న పాత జెట్‌తోనే వెలిగిస్తే మంట అదుపు తప్పుతుంది. జెట్ మార్చాలి, గాలి కంత సరిచేయాలి, ఒత్తిడి మార్చాలి. అమెరికా నుంచి వచ్చిన యంత్రమైతే మోటార్లు 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు తయారై ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజి తగ్గించినా మన 50 హెర్ట్జ్ మీద ఆ మోటార్లు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి, దానితో డ్రమ్ము వేగం, ఫ్యాను గాలి రెండూ తగ్గిపోతాయి. అటువంటివాటికి మోటార్లు మార్చడమే మేలు.

ఇంకా డబ్బు కట్టకపోయి ఉంటే డ్రమ్మును చేత్తో తిప్పి చూడండి. డ్రమ్ము పగిలినా, ముందు పలక వంకరపోయినా ఆ బేరం వదులుకోండి. తక్కిన లోపాలు చాలావరకు బాగుపడతాయి.

2. చోటు ఎంచుకోండి

వంటగది, పడకగది పక్క వరండా, మెట్ల కింది గది పనికిరావు. ఎల్పీజీ గాలికంటే బరువైనది, కారితే నేలమీద పరుచుకుని పల్లంలోకి, మురుగు కాలువలోకి దిగుతుంది. అందువల్ల రెండు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు, నేల చదునుగా ఉన్నది, దగ్గరలో సంపుగానీ కాలువ నోరుగానీ లేనిది కావాలి. మన ప్రాంతంలో మే, జూన్ నెలల్లో పడమటి గాలి గట్టిగా వీస్తుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి గాలి తిరుగుతుంది. పొగగొట్టం నోరు ఈ రెండింటికీ ఎదురుగా ఉంటే పొగ వెనక్కి తన్నుతుంది. గొట్టాన్ని కప్పు మీదికి నిలువుగా లేపి పైన టోపీ పెట్టండి. బర్నరుకు గాలి తగలకుండా ఒక రేకు అడ్డం పెట్టవచ్చు గానీ షెడ్డంతా మూసేయకూడదు.

3. ఫొటోలు తీసుకుంటూ విప్పండి

ప్రతి వైరూ, ప్రతి వాషరూ విప్పే ముందు ఫొటో తీయండి. డ్రమ్ము ముందు అంచుకూ ముందు పలకకూ మధ్య ఉన్న సందును ఫీలర్ గేజితో కొలిచి రాసుకోండి, ఆ అంకె తరువాత మీకు తప్పనిసరిగా అవసరమవుతుంది.

పాత యంత్రాల్లో తలుపు చుట్టూ, కవచం లోపల తెల్లగానో బూడిదరంగులోనో పీచులాంటి తాడు, అట్ట కనిపిస్తే దాన్ని ఆస్బెస్టాస్ అనే అనుకోండి. గీకవద్దు, బ్రష్షుతో తోమవద్దు, ఊదవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటకు రాదు. అది చెక్కుచెదరకుండా ఉంటే కదపకుండా వదిలేయండి, ఊడిపోతున్నట్లయితే ఆ పని తెలిసినవారికి అప్పగించండి. పాత రంగును కూడా పొడిగా సాండ్ పేపరుతో రుద్దకండి, అందులో సీసం ఉండవచ్చు.

4. పొగదారి శుభ్రం చేయండి

యంత్రం కొన్నవారు అతి తేలికగా తీసుకునే పని ఇదే. రోస్టర్లలో అగ్నిప్రమాదాలకు పెద్ద కారణం గొట్టాల్లో పేరుకున్న జిడ్డు, పొట్టు. గింజల నుంచి ఊడే పలుచని పొట్టు, దాన్ని గాలి నుంచి వేరుచేసే డబ్బా అయిన సైక్లోన్‌లో, గొట్టం వంపుల్లో చేరుతుంది. పొగలోని నూనె తారులాగా గట్టిపడి దానిమీద అంటుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఫ్యాను, సైక్లోను, గొట్టాలు అన్నీ విడదీసి ముందు పొడిగా గీకండి. తరువాత ఇనుప, స్టీలు భాగాలను చాకలిసోడా కలిపిన వేడినీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి తోమండి. అల్యూమినియం భాగాలను ఆ నీళ్లలో వేయవద్దు, సోడా వాటిని తినేస్తుంది. వాటికి సబ్బునీళ్లు, ఓపిక చాలు. కాస్టిక్ సోడా వాడమని సలహా ఇచ్చేవారున్నారు. ఇంట్లో దాని అవసరం లేదు, కళ్లలో పడితే చూపు పోవచ్చు.

ఫ్యాను రెక్కలను అన్ని వైపులా సమంగా శుభ్రం చేయాలి. ఒకపక్క జిడ్డు మిగిలితే బరువు తేడా వచ్చి ఫ్యాను అదురుతుంది, అదురుకు గొట్టాల బిగింపులు వదులవుతాయి. గొట్టం లోపలి గోడ చేతికి నున్నగా తగిలి, వేలికి నల్లటి జిడ్డు అంటకపోతే పని పూర్తయినట్లు.

5. డ్రమ్ము, బేరింగులు

ఉప్పుగాలి తగిలే ఊళ్లలో డ్రమ్ము లోపల ఎర్రటి తుప్పు తప్పదు. తీగ బ్రష్షుతో తోమి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ తోమండి. లోపల రంగు వేయకూడదు, తుప్పు వదిలించే రసాయనాలు వాడకూడదు, గింజలు తగిలే చోటది.

బేరింగు తిప్పినప్పుడు గరగరమంటే మార్చండి. పాతదాని మీద ఉన్న నంబరు చూపిస్తే బేరింగుల దుకాణాల్లో అదే దొరుకుతుంది. వాహనాలకు వాడే మామూలు గ్రీజు ఈ వేడికి కరిగి కారిపోతుంది కనుక అధిక వేడి గ్రీజే వాడాలి, అదీ కొంచెమే.

తిరిగి బిగించేటప్పుడు సందు విషయంలో ఎక్కువమంది పొరబడతారు. గింజలు ఇరుక్కోకుండా ఉండాలని డ్రమ్మును ముందు పలకకు ఆనించి బిగిస్తారు. 40 సెంటీమీటర్ల పొడవున్న ఉక్కు డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు హాయిగా తిరిగినది వేడెక్కాక పలకను రాసుకుంటుంది, మోటారు మూలుగుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. మీరు రాసుకున్న అంకెకే మళ్లీ సరిచేయండి. పాత సందే తప్పుగా ఉందని అనుమానం వస్తే తయారీదారు పుస్తకంలోని కొలత చూడండి.

6. కరెంటు

ప్లగ్గు తీసి, కెపాసిటరులో మిగిలిన కరెంటును ఎలక్ట్రీషియన్ చేత వదిలించి, ఆ తరువాతే చేయి పెట్టండి. మన తీరంలో రాగి కనెక్షన్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. అటువంటివి కత్తిరించి కొత్త లగ్గులు వేయించండి. వేడి భాగాల దగ్గరి వైర్లు సిలికాన్ లేదా గ్లాస్‌ఫైబర్ తొడుగు ఉన్నవి కావాలి. మామూలు పీవీసీ వైరు కరిగిపోతుంది.

పరీక్ష రెండు రకాలు. ప్లగ్గులోని ఎర్తు పిన్నుకూ యంత్రం ఒంటికీ మధ్య నిరోధం ఒక ఓము లోపు ఉండాలి. 500 వోల్టుల మెగ్గరుతో (వైర్ల తొడుగు నిరోధం కొలిచే మీటరు) చూస్తే కరెంటు వైర్లకూ ఒంటికీ మధ్య కనీసం ఒక మెగా ఓము రావాలి. మెగ్గరు పెట్టే ముందు టెంపరేచర్ కంట్రోలరు వైర్లు తప్పక విప్పాలి, లేకపోతే అది కాలిపోతుంది. యంత్రం ముట్టుకుంటే జివ్వుమంటోందని చెప్పులు వేసుకుని పనిచేసేవారు ఉన్నారు. అలా ఎన్నడూ చేయకండి, ఆ యంత్రానికి ఎర్తు లేదని అర్థం.

7. గ్యాస్

ముందుగా సిలిండరు సంగతి. ఇంటి వంటకు ఇచ్చే 14.2 కిలోల సిలిండరును వంటకు తప్ప మరిదేనికీ వాడరాదని 2000 నాటి ఎల్పీజీ ఉత్తర్వు చెబుతుంది. అందువల్ల రోస్టరుకు 19 కిలోల వాణిజ్య సిలిండరు గానీ, విడిగా అమ్మే 5 కిలోలది గానీ తీసుకోండి. అది నిలువుగా, నేలమట్టం మీద, నీడలో ఉండాలి. గొట్టం ఒకటిన్నర మీటరుకు మించకూడదు, ఐదేళ్లకు ఒకసారి మార్చాలి. యంత్రంతోపాటు వచ్చిన పాత గొట్టం ఎంత బాగున్నట్లు కనిపించినా పారేయండి.

హోటళ్లలో పెద్ద పొయ్యిలకు వాడే ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటరును దీనికి బిగించవద్దు. ఎల్పీజీకి తయారైన చిన్న రోస్టర్ల బర్నర్లు సాధారణంగా 30 మిల్లీబార్ల దగ్గర పనిచేస్తాయి. మంట చిన్నగా ఉందని ఒత్తిడి పెంచేవారు అసలు కారణాన్ని వదిలేస్తున్నారు, జెట్ మూసుకుపోయిందేమో ముందు చూడాలి.

జెట్ శుభ్రం చేయడంలో పాత అలవాటు ఒకటి చెడగొడుతుంది. కిరోసిన్ స్టవ్వుకు పిన్ను పెట్టినట్లు దీనికీ తీగ పెట్టి పొడిస్తే కంత పెద్దదవుతుంది, ఆ జెట్ ఇక పనికిరాదు. విప్పి, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, గాలి కొట్టి ఆరబెట్టండి. బర్నరు గొట్టంలో సాలెగూళ్లు, కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. కొన్ని నెలలు మూలన పడివున్న యంత్రంలో ఇవి దాదాపు ఖాయంగా ఉంటాయి, గ్యాస్ ముందుకు పోక వెనుక నుంచి మంట వస్తుంది.

ఇక ఒత్తిడి కొలత. పారదర్శక గొట్టాన్ని ఇంగ్లీషు యు ఆకారంలో చెక్కపలకకు కట్టి, రెండు భుజాలూ చెరో 60 సెంటీమీటర్లు ఉండేలా చూసి, సగం దాకా నీళ్లు పోయండి. ఒక కొనను బర్నరు ముందున్న పరీక్ష నిపిలుకు (ఒత్తిడి కొలవడానికి ఉండే చిన్న గొట్టపు మూతికి) తగిలించి, రెండోది తెరిచి ఉంచండి. రెండు నీటిమట్టాల తేడా ఒక సెంటీమీటరు అంటే సుమారు ఒక మిల్లీబారు. తొమ్మిదో మెట్టులో బర్నరు మండుతున్నప్పుడు తేడా 30 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. మంట ఆపినప్పుడు కొద్దిగా పెరగడం సహజం. దీన్ని తక్కువ ఒత్తిడి రెగ్యులేటరుతోనే వాడాలి, ఎక్కువ ఒత్తిడికి నీళ్లు ఎగిరిపడి గ్యాస్ బయటికి వస్తుంది.

లీకు పరీక్ష బర్నరు వాల్వు మూసి, రెగ్యులేటరు తెరిచి మొదలుపెట్టండి. ప్రతి జాయింటు మీద సర్ఫు నీళ్లు రాయండి. బుడగ లేస్తే గ్యాస్ ఆపి, బిగించి, మళ్లీ రాయండి. ఆ తరువాత రెగ్యులేటరు మూసి పది నిమిషాలు నీటిమట్టం చూడండి, దిగకూడదు. ఎండ పడే చోట గ్యాస్ వ్యాకోచించి లెక్క తప్పుతుంది కనుక నీడలో, పొద్దున్నే చేయండి. మంట ఆరితే గ్యాస్‌ను తనంతట ఆపే భద్రతా వాల్వు తరువాతి జాయింట్లకు మంట వెలిగినప్పుడే గ్యాస్ చేరుతుంది, అందువల్ల వాటికి మొదటి మంట సమయంలో మళ్లీ సబ్బునీళ్లు రాయాలి. అగ్గిపుల్లతో లీకు వెతకడం, జాయింటుకు ఎంసీల్ ముద్ద పూయడం, సైకిల్ ట్యూబు ముక్క చుట్టడం ఎవరు చెప్పినా చేయకండి.

గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా సిలిండరు మూసి బయటికి వెళ్లి 1906కు ఫోను చేయండి.

8. చల్లని పరుగు

గ్యాస్ లేకుండా డ్రమ్ము, ఫ్యాను, చల్లార్చే పళ్లెం ఒక అరగంట నడపండి. మోటార్లు ముట్టుకోలేనంత వేడెక్కకూడదు. నమూనా తీసే కంత దగ్గర పలుచని కాగితం ముక్క పెడితే లోపలికి లాగాలి. లాగకపోతే ఫ్యాను తిరుగులాటైనా తప్పు, గొట్టమైనా మూసుకుపోయింది. ఈ చిన్న పరీక్షలో నెగ్గని యంత్రాన్ని వెలిగించవద్దు.

థర్మామీటరు కొనను మరుగుతున్న నీళ్లలో ముంచండి. నెల్లూరు, ఒంగోలు ఊళ్లు సముద్రమట్టానికి దగ్గరగా ఉన్నవే కనుక 100 డిగ్రీలు చూపాలి. కరుగుతున్న ఐసునీళ్లలో సున్నా చూపాలి. రెండుచోట్లా ఒకే తేడా ఉంటే ఆ తేడా రాసుకుని వాడుకోవచ్చు, తేడా వేర్వేరుగా ఉంటే కొత్తది తీసుకోండి.

9. మొదటి మంట

డ్రమ్ము తిరుగుతుండగా ఫ్యానును రెండు నిమిషాలు నడపండి, లోపల నిలిచిన గ్యాస్ ఏదైనా ఉంటే పోతుంది. ముందు లైటరు వెలిగించి తరువాత గ్యాస్ తెరవండి. అంటుకోకపోతే గ్యాస్ మూసి ఐదు నిమిషాలు ఫ్యాను నడిపి మళ్లీ ప్రయత్నించండి. వెంటవెంటనే ప్రయత్నిస్తే పోగైన గ్యాస్ ఒక్కసారిగా భగ్గుమంటుంది.

మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు కొనలు కనిపిస్తే గాలి చాలడం లేదు. మంట బర్నరును వదిలి పైకి లేచి హోరుమంటే గాలి లేదా ఒత్తిడి ఎక్కువైంది. టప్పుమని మంట జెట్ దగ్గరికి వెనక్కి పోతే తక్షణం మూసేయండి.

భద్రతా వాల్వును ఇప్పుడే పరీక్షించండి. ఐదు నిమిషాలు మండాక చేత్తో తిప్పే గ్యాస్ కుళాయి మూసి మంట ఆర్పండి. ఒక నిమిషం లోపు వాల్వు టక్కుమని మూసుకున్న శబ్దం వినిపించాలి. వినిపించకపోతే థర్మోకపుల్ (మంట వేడిని పసిగట్టే కొన) మార్చేదాకా యంత్రం నడపకూడదు. ఆ వాల్వును తీగతో కట్టి తెరిచి ఉంచిన యంత్రాలు అమ్మకానికి వస్తుంటాయి, కొనేటప్పుడు ప్రత్యేకించి చూడండి.

10. కరెంటు పోతే?

మన ఊళ్లలో ఈ ప్రశ్న వేసుకోకుండా రోస్టరు నడపలేము. కరెంటు పోతే డ్రమ్ము ఆగుతుంది, ఫ్యాను ఆగుతుంది, గ్యాస్ మాత్రం మండుతూనే ఉంటుంది. ఆగిన డ్రమ్ములో అడుగు గింజలు కొద్ది నిమిషాల్లోనే మాడి నిప్పంటుకోవచ్చు. కరెంటు లేనప్పుడు తనంతట మూసుకునే సోలనాయిడ్ వాల్వును గ్యాస్ దారిలో పెట్టించండి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు అది చేత్తో మళ్లీ నొక్కితేనే తెరుచుకునేలా ఉండాలి. డ్రమ్ము మోటారును ఇన్వర్టరు మీద పెట్టడం రెండో జాగ్రత్త. అదీ లేకపోతే డ్రమ్ము ఇరుసుకు చేతి హ్యాండిలు తగిలించుకునే వీలు లేత్ షాపులో చేయించుకోండి. మెయిన్ స్విచ్చు కట్టేసి ఒకసారి నిజంగా పరీక్షించి చూడండి.

లోపల మంట రేగితే గ్యాస్ మూయండి, గాలి తలుపు మూయండి, డ్రమ్మును తిరగనివ్వండి, తలుపు తెరవకండి. తెరిస్తే గాలి దూరి మంట పెరుగుతుంది. అదుపులోకి రాకపోతే బయటికి వచ్చి 101కు ఫోను చేయండి.

11. వాయిలు

ఖాళీ డ్రమ్మును 100, 150, 200 డిగ్రీల దగ్గర కొంతసేపు చొప్పున ఆపుతూ నెమ్మదిగా వేడిచేయండి. తరువాత పారేయదలచిన గింజలు వేసి నల్లబడేదాకా కాకుండా ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి పారబోయండి. తెల్లటి గుడ్డతో డ్రమ్ము నోరు తుడిస్తే తుప్పు ఎరుపు అంటనంతవరకు ఇలా చేయాలి. ఆ గింజలను పొడికొట్టి ఎవరికీ ఇవ్వకండి.

తాగడానికి వేసే మొదటి వాయికి సామర్థ్యంలో సగమే వేయండి, తేమ సరిగ్గా ఉన్న అరకు అరబికా అయితే తేడాలు తెలుసుకోవడం తేలిక. గింజలు చిటపటమనే మొదటి పగులు థర్మామీటరులో సుమారు 196 నుంచి 205 డిగ్రీల మధ్య వినిపించాలి. 180 దగ్గరే వినిపిస్తే థర్మామీటరు గింజల వేడిని సరిగా చూపడం లేదు. ముందూ వెనుకా తూకం వేయండి. మధ్యరకం వేపుడులో 14 నుంచి 17 శాతం దాకా బరువు తగ్గడం మామూలు. కొన్ని గింజలు విరిచి చూడండి. పైన ముదురుగా లోపల లేతగా ఉంటే వేడి తొందరగా ఇచ్చారు. గింజల చదునుపక్క నల్లటి మచ్చలుంటే డ్రమ్ము మరీ వేడెక్కింది లేదా నెమ్మదిగా తిరుగుతోంది. కాఫీలో పొగవాసన వస్తే మళ్లీ నాలుగో మెట్టుకు వెళ్లండి.

చికోరీని ఇందులో వేయించవద్దు, దానిలోని చక్కెర కరిగి డ్రమ్ముకు అంటుకుంటుంది. వేరుశనగలూ వద్దు, ఆ నూనెవాసన కాఫీకి పడుతుంది.

తరువాతి సంరక్షణ

సైక్లోన్‌లోని పొట్టును రోజూ, యంత్రం చల్లారాక తీసేయండి. వేడి పొట్టును ప్లాస్టిక్ బుట్టలో వేయకూడదు, గంటల తరువాత కూడా అది రాజుకోవచ్చు. రోజూ వాడేవారు పొగగొట్టాన్ని నెలకొకసారి విప్పి చూడాలి. వేయించడం ముగిశాక డ్రమ్ము 60 డిగ్రీల లోపుకు దిగేదాకా తిరుగుతూనే ఉండాలి, వేడిమీద ఆపితే ఇరుసు వంగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలంలో వాడకపోతే సిలిండరు విడదీసి, పొగగొట్టం నోరు మూసి, డ్రమ్మును వారానికొకసారి ఖాళీగా కొద్దిసేపు తిప్పండి. మళ్లీ మొదలుపెట్టే రోజున గొట్టం నోటి మూత తీసి, బర్నరు గొట్టంలో టార్చి వేసి, సర్ఫు నీళ్ల పరీక్ష చేసిన తరువాతే వెలిగించండి.